బుడగల దిమ్మ

మోహనకృష్ణ గర్వంగా చెప్పుకోగలిగింది ఒక్కటే: నరసన్నపేటలో అద్దంలాంటి ఐసు తన ఫ్యాక్టరీలోనే దొరుకుతుంది. డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టేదాకా పంపుతో గాలి కొట్టిస్తే ఒక్క బుడగా మిగలదు. ఆ విద్యతోనే సైన్సు టీచరు యమున మనసు గెలుద్దామనుకున్నాడు పాపం.

పది రోజుల కిందట ఆమె వచ్చి, "సైన్సు ఫెయిర్‌కి అంటార్కిటికా ఐసు లాంటి దిమ్మొకటి కావాలండి," అంది. ఇంకా ఏదో వివరించింది. ఇతను ఆమె జూకాలు చూస్తూ తలూపాడు.

ఫెయిర్ రోజు పొద్దున్నే వచ్చింది యమున. తళతళలాడే దిమ్మ వెనక పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

"బుడగలేవండీ?"

"ఒక్కటుంటే నా పేరు మార్చుకుంటాను మేడమ్!"

"అయ్యో, నాకు కావలసిందే బుడగలు! అక్కడ మంచు పేరుకున్నప్పుడు అప్పటి గాలి అందులో చిక్కుకుపోతాది. ఆ ఐసు తవ్వి తీసి ఎనిమిది లక్షల ఏళ్ల గాలి కొలిచారు. పది లక్షల పాళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎన్నడూ మూడొందలు దాటలేదు. ఇప్పుడు నాలుగొందల ఇరవై దాటేసింది. ఎండలెందుకు మండిపోతన్నాయో పిల్లలకి ఎలా సెప్పను? ఆ రోజు మీరు ఏటి విన్నారు?"

జూకాలు విన్నానని ఎలా చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోయాడు.

ఐసు గదిలోంచి ముసలి పనివాడు గంగరాజు అరిచాడు. "బాబూ, మూల గోనె కప్పి దాసిన తెల్ల దిమ్మ ఇచ్చీ. పారీమంటే తిడతావు గదేటి!"

గోనె తీస్తే దిమ్మ నిండా బుడగలే. యమున ముఖం వెలిగింది. "ఇదెలా వచ్చిందండీ?"

"పంపు వెయ్యడం మరిసిపోయానండి. మీరు మొదటిసారి వచ్చిన రోజు. మీరెళ్లాక నాకే పనీ తోచలేదు."

"మరి దాచారేం?"

"కరిగించబుద్ధి కాలేదు. మీరంటే నాకిష్టమండి."

యమున వంగి ఒక బుడగని చాలాసేపు చూసింది. "అయితే ఇందులో ఆ రోజు గాలి ఉన్నాదన్నమాట. మీరు జూకాలు సూస్తున్నప్పటిది."

మోహనకృష్ణ చప్పున చూపు దిమ్మ మీదికి తిప్పాడు.

"ఈసారి అవి తీసేసి సెప్తాను. వింటారా?"

"పెట్టుకునే రండి. ఈసారి వింటాను కూడా."

ఆమె మాట నిలబెట్టుకుంది, వారానికి నాలుగుసార్లు వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఇతను పంపు మరిచిపోతున్నాడు. నరసన్నపేటలో అద్దంలాంటి ఐసు కావాలంటే ఇప్పుడు వేరే ఫ్యాక్టరీకి వెళ్లాల్సిందే.