పొద్దు పొడవకముందు కట్టిన మోట

నీళ్ళకు పోయిన నర్సింగమ్మ మోటబావిలోకి తొంగిచూస్తే, తన చిన్నకొడుకు ఐలేశం బోర్లా తేలుతూ కనిపించాడు. వీపు నిండా గొడ్డలి గాట్లు. చుట్టూ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆమె కడవ వదిలేసి ఊరి వైపు పరుగెత్తింది. కాసేపట్లోనే జీతగాళ్ళు శవాన్ని పైకి తీసి, ఊరి చివర ఉన్న ఆమె ఇంటి వాకిట్లో పడుకోబెట్టారు.

ఆ ఎండాకాలం దేవరకొండ చుట్టుపక్కల పల్లెలు రగులుతున్నాయి. యూనియన్ సైన్యం ఇంకా రాలేదు. రాత్రి రజాకార్లు కాల్చిన ఊరికి పొద్దున దొరల మీద తుపాకి పట్టిన సంఘం దళం వచ్చేది. ఈ ఊళ్ళో తగువు మాత్రం ఎడ్లతో నీళ్ళు తోడే మోట వేళల గురించి. వేగుచుక్క పొడిస్తే ఎడ్లు కట్టాలి, కన్ను కానరాని చీకటి పడ్డాకే విప్పాలి. తాతల నాటి నుంచి దొర పొలంలో అదే పద్ధతి. ఐలేశం సంఘంలో చేరి ఎదురుతిరిగాడు. వెట్టి వద్దని సర్కారు కాయిదాలోనే ఉందనీ, దొరకు దాన్ని చదివి వినిపించే మొగోడే పుట్టలేదనీ నవ్వేవాడు. చివరికి సంఘం తీర్పు చెప్పింది. పొద్దు పొడిచాకే మోట కట్టాలి, పొద్దు గూకగానే విప్పాలి. అంతకు మించి చేయిస్తే దొర దానికి వేరుగా గింజలు కొలవాలి.

ఐలేశం అన్న మైసయ్య కూడా దొర జీతగాడే. దొర ఉండే గడి కొట్టంలో ఎడ్ల దగ్గరే పడుకునేవాడు. తీర్పు వచ్చిన మర్నాడు అలవాటు కొద్దీ చీకట్లోనే మోట కట్టాడు. ఐలేశం నలుగురిలో ఆ ఎడ్ల మెడల మీది కాడి ఎత్తి పక్కన పడేశాడు. "అన్నా, ఎడ్లకైన నిద్దుర ఉండాలె గద. నీకు లేకపోతే పాయె" అన్నాడు. అందరూ నవ్వారు. మైసయ్య నవ్వలేదు.

ఇప్పుడు ఆ మైసయ్యే తమ్ముడి కాళ్ళ దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. ఐలేశం పెళ్ళాం ఉప్పలమ్మ గడపకు ఆనుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. ఏడుపు రావడం లేదు.

దళం నాయకుడు బీరన్న వాకిట్లోకి వచ్చాడు. వెనకాల గడి కావలివాడు సాయిలును మోకుతో కట్టి ఈడ్చుకొస్తున్నారు. సొప్పవామిలో దాక్కుంటే దొరికాడట. అప్పటికే అతని ముందరి పళ్ళు రాలిపోయాయి. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. దొర గూండాలు గొడ్డళ్ళతో గడి దాటడం చూసి భయంతో పారిపోయానని, అంతకు మించి తనకేమీ తెలియదని నెత్తురు ఉమ్ముతూ చెప్పాడు. ఎవరో తుపాకి మడమతో మళ్ళీ మూతి మీద కొట్టారు.

"పిలిచినోడు లేకుంట ఐలేశం ఒంటిగ బాయికాడికి పోడు" అన్నాడు బీరన్న. "వీడే పిలిచిండు. పెద్దమ్మా, నీ కొడుకు నెత్తురు ఇది. నువ్వు ఊ అను, వీన్ని ఈడనే కాలుస్త."

తుపాకి గొట్టం సాయిలు చెవికి ఆనింది. అతని పంచె తడిసిపోయింది.

"ఇంకేం అడుగుతవన్నా" అన్నాడు మైసయ్య తలెత్తకుండా. "కాల్చెయ్."

నర్సింగమ్మ నోరు తెరిచింది. అంతలో ఉప్పలమ్మ గొంతు వినిపించింది.

"జర ఆగున్రి. నా పెనిమిటి చేతికట్టె ఇంట్లనే ఉన్నది."

అందరూ అటు తిరిగారు. ఆమె ఆగి ఆగి చెప్పింది. ఇంకా తెల్లవారకముందే ఐలేశం లేచి చెవి ఒగ్గి విన్నాడు. ఎప్పుడూ వెంట ఉంచుకునే గుత్పకట్టె అందుకుని, మళ్ళీ గోడకు ఆనించాడు. దళానికి కబురు చెయ్యమంటావా అని ఆమె అడిగింది. వద్దన్నాడు. ఎవ్వలికి చెప్పకు, ఇజ్జత్ పోతది, నేనే పోయి చెప్పొస్త అన్నాడు.

"సాయిలు పిలిస్తే కట్టె పెట్టిపోతడా అత్తా? సాయిలు తప్పు చేస్తే మన ఇజ్జత్ ఎందుకు పోతది?"

బీరన్న తుపాకి దించలేదు గానీ సాయిలు వైపు చూడటం మానేశాడు.

నర్సింగమ్మ లేచి పెద్దకొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"మైసా. తమ్ముని గుండె మీద చెయ్యి పెట్టి, ఈ పని సాయిలుదే అను. నువ్వంటే నేను ఊ అంట."

మైసయ్య చెయ్యి చాపాడు. అది శవాన్ని తాకలేదు, గాల్లోనే ఆగింది. తల్లి ఆ మణికట్టు పట్టుకుని కిందికి నొక్కబోయింది. అతను గింజుకుని వెనక్కి పడ్డాడు.

"వద్దమ్మా."

"అయితే నోటితో చెప్పు. ఒక్క కొడుకు పోయిండు. సాయిలు పెండ్లాం తాళి నా మాటతోని తెగొద్దు."

మైసయ్య సాయిలు వైపు చూశాడు, తర్వాత ఉప్పలమ్మ కడుపు వైపు. మోకాళ్ళ మీద లేచాడు.

"ఆయన్ని ఇడిచిపెట్టు బీరన్నా. పిలిచింది నేనే. దొర మనుషులు కొట్టంలకు వచ్చిన్రు. పొద్దు పొడవకముందే మోట కట్టుమన్నరు, నీ తమ్ముడు అడగొస్తడు, రెండు దెబ్బలేసి ఇడుస్తం అన్నరు. గంతే అనుకున్న. నలుగుర్ల నా కాడి ఎత్తేసిండు గద, తగలనీ అనుకున్న. కట్టి, మోట పాట ఎత్తుకున్న. నా గొంతు వాడు యాడున్నా గుర్తుపడతడు. అన్న సంఘం మాట తప్పిండని నలుగురికి తెల్వొద్దని ఒక్కడే వచ్చిండు, ఉత్త చేతులతోని. వచ్చి, 'అన్నా, ఎడ్లను ఇప్పు' అన్నడు. ఎన్కనుంచి గొడ్డళ్ళతోని ఏసిన్రు. వాడు మొత్తుకుంటే ఊరికి ఇనబడుతదని నన్ను పాట ఆపొద్దన్నరు. నేను ఆపలేదమ్మా. వాడు 'అన్నా, అన్నా' అని పిలుస్తనే ఉన్నడు. నేను పాడుకుంటనే ఉన్న."