దమయంతి పెట్టిన తోడు

సత్యవేణి పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప మూత మధ్యనున్న కన్నంలోకి వినికిడి కర్ర దించి, రెండో కొసను చెవికి ఆనించుకుంది. కింద, ఇంటి మురికినీళ్ళు తిని బతికే సీతారత్నం గారి జీవకుండి ఆయాసపడుతోంది. మామూలుగా అయితే అన్నం ఉడుకుతున్నట్టు మెత్తగా కుతకుతమనాలి. ఇప్పుడు మధ్యమధ్యలో ఎక్కిళ్ళు పెడుతోంది.

"నిరుటి ఆవకాయ జాడీ కడిగేరా పిన్నిగారూ?"

సీతారత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆకాశంలోకి చూసింది. "కడక్కపోతే కొత్తావకాయ ఎక్కడ పెట్టమంటావే?"

"కడగొద్దన్లేదండి. ఆ నూనె ముందు పాతగుడ్డతో తుడిచేసి, ఆ గుడ్డ పొయ్యిలో పడెయ్యమన్నాను. నూనె కిందకెళ్తే పైన మీగడలా కట్టేసి కూచుంటాది. పాపం, దానికేం తోచదు."

"పోయిన నెల బట్టలన్నావు. అంతకుముందు ములగచెట్టన్నావు. ఇన్ని మర్యాదలు మా అల్లుడికి కూడా లేవమ్మా."

"బట్టలన్నీ ఒక్కరోజే ఉతికేస్తే ఆ నీళ్ళ తోపుకి అడుగునున్న మడ్డంతా ఊటపొలంలోకి కొట్టుకుపోతాది. ములగ వేళ్ళు గొట్టాల్లో దూరతాయి. నాకు సరదా ఏంటండీ చెప్పడానికి?"

ఆవిడ సరేనంది. వచ్చే వేసవికి జాడీ మళ్ళీ తొట్లోనే కడుగుతుందని ఇద్దరికీ తెలుసు. కుండికాపరి ఉద్యోగమంటే సగం వినడం, మిగతా సగం చెప్పిందే చెప్పడం.

సముద్రం ఊళ్ళ మీదికి వచ్చాక గోదారికి ఇరువైపులా వరద తలుపులు బిగించేశారు. అప్పట్నుంచి కొత్తగట్టు ఊళ్ళో ఏ ఇంటి నీళ్ళూ గడప దాటడం లేదు. ఎవరి మురికిని వాళ్ళ కుండే తిని, తేర్చి, పెరట్లోని ఊటపొలానికి ఇస్తుంది. ఆ ఊటే మళ్ళీ ఆ ఇంటి బావిలోకి చేరుతుంది. తెల్లారుతూనే ప్రతి పెరట్లోనూ పల్చటి ఆవిరి లేస్తుంది, అందులో జనం పళ్ళు తోముకుంటూ ఒకళ్ళకొకళ్ళు సగం సగం కనిపిస్తారు. సాయంత్రమైతే ఊటపొలం మీది గడ్డి వెలుగుతుంది. కుండిలో ఏ జాతి జీవాలుంటే గడ్డికి ఆ రంగు వస్తుంది. ఒకప్పుడు ఒక పెరడు పసుపు, దాని పక్కది చిలకాకుపచ్చ, ఆ పక్కది కనకాంబరం. ఇప్పుడు చాలా వీధులు పాలరంగులోకి వచ్చేశాయి. ఎక్కడ కుండి చచ్చిపోయినా, ఊరి నీళ్ళని కాచే యంత్రం ఊరికావలి దాన్ని ఖాళీ చేయించి మూలవిత్తు చల్లిస్తుంది. మూలవిత్తు గట్టిది, ఎక్కడైనా బతుకుతుంది, తెల్లగా వెలుగుతుంది. వంక పెట్టడానికేమీ లేదు. సత్యవేణికి మాత్రం ఆ తెల్లటి వీధుల్లో నడుస్తుంటే ఏదో ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు దిగులుగా ఉంటుంది.

చెవిపోగులో కావలి గొంతు పలికింది. "కాపరీ, రేవు వీధి, అబ్బులు ఇల్లు. కుండిలో మందుల జాడ. చప్పుడు లేదు. పరీక్షించండి."

సత్యవేణి కర్ర పైకి లాగి లేచింది. అది దమయంతక్క ఇల్లు.

దమయంతి పోయి నెల దాటింది. ఆమె భర్త అబ్బులు పడవల వడ్రంగి, మాటల పొదుపరి. పెరటి అరుగు మీద చెక్కపొట్టు దులుపుకోకుండానే కూర్చుని ఉన్నాడు. సత్యవేణి కర్ర దించింది. చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. పాడుబడిన నూతిలోకి తొంగిచూసినట్టుంది.

"ఏం పోసేరు బావగారూ?"

అబ్బులు తల ఎత్తలేదు. "దాని మందులమ్మా. అలమారా తీస్తే అవే. ప్రతి సీసా మీదా దాని పేరే. పెద్దకర్మ అయ్యాక, పోయినోళ్ళవి నీళ్ళల్లో కలిపెయ్యాలి కదా అనుకున్నాను. గోదారికి తలుపులేసేసేరు. మనకున్న నీళ్ళు ఇవేగా. అన్నీ ఇప్పి తూములో ఒంపేసేను. దండం కూడా పెట్టుకున్నాను."

కోప్పడదామని తెరిచిన నోరు సత్యవేణి మూసుకుంది. మిగిలిన మందులు తూములో పోయకూడదని ఊరంతా గుమ్మాలెక్కి చెబుతుంది. గాయాల్లో పురుగుల్ని చంపే మందు కుండిలో ప్రాణాల్ని బతకనిస్తుందా. కానీ ఈ మనిషి చెత్త పారబోయలేదు. తనకు తెలిసిన పద్ధతిలో భార్యను సాగనంపాడు.

"కుండి మరణం నిర్ధారణ," అంది చెవిపోగు. "వేకువనే ఖాళీ బండి వస్తుంది. మూలవిత్తు సిద్ధం."

ఆమె ఆ మాట అబ్బులుకు చెప్పింది. అతను ఊటపొలం వైపు చూశాడు.

"వంగపువ్వు రంగుండేది ఆ గడ్డి. కాపరానికొచ్చినప్పుడు వాళ్ళమ్మ వాళ్ళ కుండిలోంచి చెంబుతో తోడు తీసి, మూతకి మట్టి మెత్తి ఇచ్చింది. ఇదంతా అది ఒళ్ళో పెట్టుకొచ్చిందే. ఇన్నేళ్ళూ దాని ఒంట్లోంచి వచ్చిందే తిని బతికింది కదమ్మా ఆ కుండి. మనిషిని తీసుకెళ్ళేక కూడా రోజూ సాయంత్రం ఇక్కడ కూచునేవోణ్ణి. గడ్డి వెలిగేది. ఇంట్లోనే ఉందిలే అనిపించేది." అరచేతులు చూసుకున్నాడు. "నా చేత్తో నేనే చంపుకున్నాను."

సత్యవేణికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. తన పెరట్లో గడ్డిదీ వంగపువ్వు రంగే.

ఆమె కొత్తిల్లు కట్టుకున్న ఏడు, తోడు తెచ్చుకోవడానికి పుట్టిల్లు లేదు. ఆ ఊరు సముద్రం అడుగున ఉంది. దమయంతి పిలవకుండానే వచ్చింది, చేతిలో మూతపెట్టిన చెంబుతో. "మొహం అలా పెట్టకే. మా అమ్మది నేను తెచ్చుకున్నాను, నాది నువ్వు తీసుకో. పెరుక్కి పక్కింటోళ్ళని అడగవా ఏంటి?" అని ఆటపట్టించింది. "త్వరగా పోసెయ్యి. దీపాలెట్టేక తోడియ్యకూడదు." ఆ తర్వాత కొన్నాళ్ళకే పంచుకున్న తోడు వల్ల ఒక ఇంటి జబ్బు వీధంతా పాకింది. పంపకం నిషేధించారు. ఒక ఇంటి తోడు ఇంకో ఇంట పోస్తే రెండు కుండులూ ఖాళీ చేయిస్తారు. పోసింది కాపరి అయితే కర్ర లాక్కుంటారు.

ఆమె లేచి నిలబడింది. "బావగారూ, ఊక బొగ్గుందా?"

"పడవలకి పూతలోకి ఉంచేను. ఎందుకు?"

"గోనెసంచుల్లో కట్టి కుండిలోకి దింపండి. మందుని పీల్చేస్తాది. ఓ రెండు సంచులు మార్చండి. ఈలోగా గంజి కాయండి, ఉప్పెయ్యొద్దు. నేను ఇంటికెళ్ళొస్తాను."

అబ్బులు ఆమెను చూశాడు. అర్థమైంది. "వద్దమ్మా. నీ కుండి కూడా పోతాది. నీ ఉద్యోగం పోతాది. తెల్లదైతే తెల్లదే వెలుగుతాది, నేను చూసుకుంటాను."

"అక్క నాకిచ్చినప్పుడు మీరేమైనా వద్దన్నారా?"

అబ్బులు చెక్కపొట్టు దులుపుకుని లేచాడు. బొగ్గు మూట విప్పడానికి వెళ్ళాడు.

సత్యవేణి ఇంటికి నడిచింది. బొగ్గు ఎంత పీల్చినా అడుగున మందు బలం మిగిలితే తోడు చచ్చిపోతుంది. అప్పుడు దమయంతక్క ఇంటిదీ పోతుంది, తనదీ పోతుంది, ఆ రంగు లోకంలో ఇంకెక్కడా ఉండదు. ఊరికే ఉంటే ఒక్క పెరట్లోనన్నా మిగులుతుంది. ఆ లెక్క ఆమెకు తెలియక కాదు. ఒక్క ఇంట్లో దాచుకున్నది ఎన్నాళ్ళుంటుందో కూడా తెలుసు. అదే చెంబు బయటికి తీసింది. తన కుండి మూతెత్తి, మెత్తటి నలుపులోకి ముంచింది. చేతికి వెచ్చగా తగిలింది.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. వీధిలో గడ్డి ఒక్కో పెరట్లోనూ తెల్లగా మేలుకుంటోంది. ఎవరింట్లోనూ ఇంకా దీపం పెట్టలేదు. అబ్బులు ఆఖరి సంచి పైకి లాగి, చల్లారిన గంజి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

"కాపరీ," అంది చెవిపోగు. "మీ చేతిలో ఉన్నది ఏమిటి?"

"తోడు."

"ఏ ఇంటిది?"

"మా ఇంటిది. అంతకుముందు ఈ ఇంటిదే."

"పంపకం నిషేధం. మీరు పోస్తే వేకువన బండి రెండు ఇళ్ళకూ వస్తుంది."

"రానీ."

చెంబు అబ్బులు చేతికిచ్చింది. అతను రెండు చేతులతో పట్టుకుని, మొదట గంజి, దాని మీద తోడు, నెమ్మదిగా వంచాడు. మూత వేసి, దాని మీద అరచెయ్యి ఉంచి, అలాగే కూర్చుండిపోయాడు. ఆ సాయంత్రం ఆ పెరట్లో గడ్డి వెలగలేదు.

వేకువ ఆవిరిలో ఖాళీ బండి చప్పుడు లేకుండా వచ్చింది. సత్యవేణి కర్ర అప్పగించడానికి సిద్ధపడే వచ్చింది. బండి తన తొండాన్ని చాచి, ఇనుప మూత కన్నంలోకి దించింది. ఆగింది. పైకెత్తింది. మళ్ళీ దించింది.

సత్యవేణి ఉండబట్టలేక తన కర్ర కూడా పక్కనే దించి చెవి పెట్టింది. ఎక్కడో చాలా అడుగున, నిద్రలో పసిపిల్ల పెదాలు కదిపినంత చిన్నగా, కుతకుత. ఆమె కర్రను అబ్బులు చెవి దగ్గరికి జరిపింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"ప్రాణమున్న కుండిని ఖాళీ చేయరాదు," అంది కావలి. కాసేపాగి, "పంపకమైన కుండిని ఉంచరాదు," అంది. ఈ రెండు కట్టడులూ ఏళ్ళ తరబడి పక్కపక్కనే ఉన్నాయి. నిషేధాన్ని ఎవరూ దాటలేదు గనక ఒకదానికొకటి అడ్డం రాలేదు. తొండం గాలిలో నిలిచిపోయింది. "కాపరీ," అంది గొంతు చివరికి. ఇన్నేళ్ళలో అది ఆమెను ఏదీ అడగలేదు. "ఏం చేయమంటారు?"

"ఆగు," అంది సత్యవేణి.

బండి ఆగింది. వీధికి అడ్డంగా, ఆవిరిలో సగం మునిగి, దీపం ఆర్పుకుంటూ వెలిగించుకుంటూ ఉండిపోయింది. ఊటపొలం అంచున ఒక్క గడ్డిపోచ మొదట్లో వంగపువ్వు రంగు సన్నగా పాకింది. అబ్బులు అటే చూస్తున్నాడు, ఏడుస్తున్నట్టు అతనికే తెలియదు.

అంతలో బండిని చుట్టి, కొంగు కింద మూతపెట్టిన గిన్నె పట్టుకుని సీతారత్నం వచ్చింది. బండిని ఎగాదిగా చూసింది. "దీనికేమైంది ఇక్కడ చచ్చింది?" అని, గొంతు తగ్గించి, "నిన్న సాయంత్రం సత్యవేణి చెంబు పట్టుకొస్తుంటే చూసేన్లే. మాది రాత్రంతా ఎక్కిళ్ళు పెడతానే ఉంది అబ్బులూ. అది చచ్చి, నా పెరడు కూడా తెల్లగా అయిపోవడం నాకిష్టం లేదు. కాస్త తోడుందా?" అంది.

అబ్బులు కళ్ళు తుడుచుకున్నాడు. మూత మీద చెయ్యి వేసి చూశాడు, వెచ్చదనం ఎంతో తెలుసుకోడానికన్నట్టు.

"ఇంకా తోడుకోలేదు పిన్నీ," అన్నాడు. "రేపు సాయంత్రం రా. దీపాలెట్టకముందు."