పాపాయమ్మగారి చేతులు

మండువాలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: ఇంటి యజమాని భీమరాజుగారు, తలుపు చాటున ఆయన భార్య సత్యకుమారి, పోలీసు ఇనస్పెక్టరు, అపరాధ పరిశోధకులు వీరబ్రహ్మంగారు, ఆయన సహాయకుడు పల్లంరాజు. అందరికీ వెనుక, నేలమీద, చేతులకు బేడీలతో పనిమనిషి చిట్టెమ్మ.

అది 1897వ సంవత్సరం. కాకినాడకు దక్షిణాన ఒక తీరగ్రామం. ఆ ఉదయమే భీమరాజుగారి అక్క, వితంతువు పాపాయమ్మగారు మరణించారు. విషం పెట్టారని ఆయన అనుమానం.

పల్లంరాజు తాను చూసినవన్నీ రాసుకున్నాడు. శవం మణికట్టున తులసిపూసల దారానికి రెండు కొత్త ముడులు. పొయ్యిలో నిన్నటి బూడిద. విస్తళ్ల కట్టమీద దుమ్ము. అర్థం మాత్రం కాలేదు.

"రెండు నెలల కిందట తుపాను వెళ్లినప్పట్నించీ ఈ చిట్టెమ్మ కొంగుచాటున గిన్నె పట్టుకుపోతోందండి. దొంగతనం వదినగారు కనిపెట్టారని ఏదో పెట్టేసింది," అంది సత్యకుమారి.

"ఏం పట్టుకెళ్లేదానివి?" వీరబ్రహ్మంగారు చిట్టెమ్మను అడిగారు.

"చెప్పనండి. ఒట్టేశాను."

"ఉరికంబం ఎక్కినా ఒట్టేనా?" ఇనస్పెక్టరు నవ్వాడు.

"ఒట్టు ఒట్టేనండి."

వీరబ్రహ్మంగారు భీమరాజుగారివైపు తిరిగారు. "మీ అక్కగారు భోంచేస్తుండగా ఎవరైనా చూశారా?"

"అదేం మాటండి! మడి కదా. సోలెడు బియ్యం పంపితే, వెనకింట్లో తలుపేసుకుని ఒంటిపూట వండుకునేది."

"ఆవిడ చేతుల మీద నరాలు తాళ్లలా తేలాయి."

"అరవయ్యేళ్లు దాటాక తేలవేంటండి?"

"తుపానుకి ముందు నున్నగా ఉండేవండి. నేనే ఆముదం రాశాను," అంది సత్యకుమారి, అప్పుడే గుర్తొచ్చినట్టు.

"వయసు చర్మాన్ని పలచబరిచి నరాలను తేలుస్తుంది, కాని ఏళ్లు పడుతుంది," అన్నారు వీరబ్రహ్మంగారు. "రెండు నెలల్లో తేలాయంటే, చర్మం కింద వాటిని దాచే కొవ్వు తిండిలేక కరిగిపోయిందన్నమాట. చెయ్యి చిక్కి పూసలు జారిపోతుంటే దారం బిగించుకున్నారు. పొయ్యి వెలిగింది, విస్తరి పరవలేదు. ఆమె వండారు, తినలేదు. మజ్జిగనీళ్లతో బతికారు."

చిట్టెమ్మ గిన్నె ఎవరింటికి చేరుతోందో కనుక్కోమని వీరబ్రహ్మంగారు అంతకుముందే రేవుకు పంపిన మనిషి, అప్పుడు రత్తమ్మ అనే బాలింతను తీసుకువచ్చాడు. ఆమె రొమ్మున నెలల పిల్ల.

"తుపాన్లో మా ఆయన పోయాడండి. నాకు పాలు పడక పిల్ల ఏడుస్తుంటే, ఈ చిట్టెమ్మక్క రోజూ అన్నం తెచ్చేది. ఎవరిదో చెప్పలేదండి."

చిట్టెమ్మ తల దించుకుని ఏడ్చింది.

"అక్క అడిగితే నేను పెట్టనా?" అన్నారు భీమరాజుగారు.

"అడిగారండి," అంది సత్యకుమారి. "రేవువాళ్లకి గింజ కూడా కదలకూడదన్నారు మీరు."

ఇనస్పెక్టరు లేచి చిట్టెమ్మ బేడీలు విప్పాడు.

వీరబ్రహ్మంగారు తమ నివేదికను ఇట్లు ముగించారు: "ఇందు విషప్రయోగము లేదు. శ్రీమతి పాపాయమ్మగారు అరువది దినములు తమ ఒంటిపూట అన్నమును రత్తమ్మ అను బాలింతకు పంపి, ఒక శిశువును బ్రతికించిరి. ఆ సంగతి ఇందుమూలముగా నమోదు చేయడమైనది."