అత్త చేతి పాలు

పుంగనూరులో కమలాక్షి ఇంట్లో తెల్లారడమంటే పాలు కాగడమే. ఐదింటికల్లా రెండు ఆవుల పాలు పిండి, కాచి, తొలి గ్లాసు కోడలు రేవతికి ఇస్తుంది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో చిన్న తెల్ల మాత్ర. మూడేళ్ళుగా, అంటే రెండువేల ఒకటిలో కోడలికి థైరాయిడ్ తక్కువని తేలిన నాటి నుంచీ, ఒక్క రోజు తప్పలేదు. ఊళ్ళో అత్తలు కోడళ్ళ చేత పాలు పిండించుకుంటే తాను పిండి మరీ కోడలికి పోస్తున్నానని వీధిలో చెప్పుకోని రోజూ లేదు.

"లేమే రేవతీ, మాత్రేసుకో. వేడిగా తాగితే ఒంటికి పడతాది."

రేవతి లేచి కూర్చుంది. మొహం ఉబ్బి ఉంది, గొంతు బొంగురు పోయింది. మార్చి ఉక్కలోనూ దుప్పటి వదల్లేదు. మాత్ర మింగి గ్లాసు ఖాళీ చేసి, "ఇంకాసేపు పండుకుంటా అత్తా, కాళ్ళు లేస్తా లేవు" అంది.

బయట మోటారు సైకిలుకు పాలక్యాన్లు కడుతున్న కొడుకు ప్రతాప్ చెవిన ఆ మాట పడింది. విసురుగా లోపలికి వచ్చాడు.

"మూడేండ్లుగా పండుకోనే ఉండావు కదమే. ముందు యాభై అనిరి, డెబ్బై అయిదనిరి, నూరనిరి. నిన్న మదనపల్లె డాక్టరమ్మ నూటాయాభై రాసింది. మాత్ర పెరగతాండాది, నీ ఒళ్ళూ పెరగతాండాది. నువ్వు లేసి పని సేసేది మాత్రం ల్యా."

"నేను కావాలని పండుకుంటాండానా?"

"ఎవురికి తెలుసు? కుప్పం పో. మీయమ్మ దగ్గరుండి, ఒళ్ళు బాగైనాకనే రా."

"బాగు కాకపోతే?"

"అప్పుడు సూసుకుందాం."

ఆ మాటలో ఏముందో ముగ్గురికీ తెలుసు. బైరెడ్డిపల్లెలో ప్రతాప్ మేనమామ కూతురికి ఇంకా పెళ్ళి కాలేదు. నిరుడు రేవతికి అయిదో నెలలో కడుపు పోయినప్పటి నుంచి చుట్టాలు ఆ పిల్ల పేరు ఏదో ఒక వంకతో ఎత్తుతూనే ఉన్నారు.

కమలాక్షి కొడుకును ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు. చిక్కటి పాలు ఇన్ని తాగించినా లేవని మనిషికి లేవాలని లేదేమో అని ఆమెకూ లోలోపల ఉంది. కోడలి సంచిలో సీసాడు నెయ్యి మాత్రం సర్దింది. అలా సర్దేస్తే తన వంతు అయిపోయిందనుకుంది.

రెండు నెలలు గడిచాక కుప్పం నుంచి రేవతి తల్లి ఫోన్ చేసింది.

"వదినా, బిడ్డకు గుండె దడదడా కొట్టుకుంటాండాది. సేతులు వణకతాండాయి, కంటి మీద నిద్ర ల్యా. రేపు మదనపల్లెకు పిల్సకొస్తాండాను, మీరూ రాండి."

ఆసుపత్రి వరండాలో కోడలిని చూసి కమలాక్షి గుర్తుపట్టలేకపోయింది. రెండు నెలల్లో మనిషి సగమైంది. ప్రతాప్ రేవతి తల్లి మీద ఒంటికాలిపై లేచాడు.

"నాటుమందు ఏమన్నా పెట్టినావా అత్తా?"

"మీ డాక్టరమ్మ రాసిన మాత్రేనప్పా. దినామూ నా సేత్తో ఇచ్చినా."

లోపల డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూసింది. "అప్పుడు ఎంత వేసినా చాలలేదు. ఇప్పుడు అదే మాత్ర ఎక్కువైపోయింది. రేవతీ, కుప్పంలో ఎలా వేసుకున్నావు?"

"లేస్తానే నీళ్ళతో. ఆడ పాలాయన ఎనిమిదికి గానీ రాడు."

"పుంగనూరులో?"

"అత్త పాలు కాసి ఇచ్చేది. పాలతో మింగేదాన్ని."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పరగడుపున అని చెప్పాను కదా?"

కమలాక్షి ముందుకు వచ్చింది. "పరగడుపునే ఇచ్చినా తల్లీ. పాలు అన్నం కాదు గదా. శనివారం ఒక్కపొద్దుంటే మేము తాగేది పాలే. పాలు తాగితే ఒక్కపొద్దు సెడదు."

"ఒక్కపొద్దు చెడదమ్మా, మందు చెడుతుంది. పాలతో వేస్తే ఈ మాత్ర ఒంటికి సరిగా పట్టదు. పట్టడం లేదని తెలియక నేను పెంచుకుంటూ పోయాను. ఎలా వేసుకుంటున్నావని ముందే అడగాల్సింది, అడగలేదు." కొత్త చీటీ రాసింది. "ఇక నూరు చాలు. నీళ్ళతోనే. తర్వాత గంటసేపు ఏమీ వద్దు. ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేసి చూద్దాం."

కమలాక్షి చీటీ అందుకుంది. "నిరుడు పోయిన బిడ్డ... అదీ ఈ పాల వల్లేనా తల్లీ?"

"అవునని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను" అంది డాక్టరమ్మ.

వరండాలోకి రాగానే ప్రతాప్ తల్లి మీద విరుచుకుపడ్డాడు. "అంతా నీ వల్లనే అయింది మా. పాలు, పాలని సంపినావు."

తలుపు పట్టుకుని నిలబడిన రేవతి అతని వైపు తిరిగింది.

"అత్త తెలీక పాలిచ్చింది. నువ్వు తెలిసే మాటలంటివి."

తల్లీకూతుళ్ళు కుప్పం బస్సు కోసం బస్టాండుకు నడిచారు. ఆరు వారాలూ అక్కడే ఉంటానంది రేవతి. కమలాక్షి వెనకాలే వెళ్ళింది. కోడలు తనను వెనకేసుకొచ్చినందుకు సంతోషించాలి గానీ, ఆ మాట ఆమెకు గుచ్చుకుంటూనే ఉంది.

"మే రేవతీ, నేనూ అట్లే అనుకుంటి. నువ్వు సోమరిదానివని. నోటితో అన్లేదు, అంతే."

"తెలుసత్తా," అంది రేవతి. "గ్లాసిచ్చేటప్పుడు ఒగ దినమైనా నా మొగం సూసినావా?"

బస్సు రాగానే తల్లీకూతుళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు.

ఆరు వారాలు గడిచాయి. పరీక్ష సరిగ్గా వచ్చిందని తెలిసిన మర్నాడు ఆమె ఒక్కతే కుప్పం వెళ్ళి కోడలిని తెచ్చుకుంది. రేవతి వచ్చింది గానీ ప్రతాప్‌తో మాట్లాడలేదు.

తెల్లారి కమలాక్షి అదే గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. రేవతి మాత్ర మింగింది. కమలాక్షి ఎదురుగా నేల మీద కూర్చుంది. గంటసేపు వంటింటి వైపు పోలేదు, ఆవుల వైపు పోలేదు. కోడలి మొహం చూస్తూ కూర్చుంది. కళ్ళ కింద వాపు తగ్గింది. గడ్డం దగ్గర చిన్న పుట్టుమచ్చ ఉంది. మూడేళ్ళుగా అది ఆమె కంట పడనే లేదు.

"గంటయింది అత్తా," అంది రేవతి. "ఆకలైతాండాది. ఇప్పుడియ్యి పాలు."

కమలాక్షి లేవబోయింది. కాళ్ళు లేవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడుస్తూ ఉండిపోయింది. రేవతే లేచి వంటింట్లోకి వెళ్ళి, పాలు రెండు గ్లాసుల్లో పోసుకొచ్చింది.