లోపలికి ఏ కార్డు?

ఉదయం ఎనిమిది పది. కొండాపూర్‌లో తన అపార్ట్‌మెంట్ గేటు దాటి రోడ్డెక్కిన సాయిచంద్‌ను నంబర్ ప్లేటు లేని కారు గుద్ది చంపింది.

సాయిచంద్ ‘శంపాలత సిస్టమ్స్’లో సెక్యూరిటీ ఇంజనీరు. దక్షిణాది కరెంటు గ్రిడ్‌ను కంప్యూటర్లతో నడిపించే కంపెనీ అది. గ్రిడ్‌కు తాళంచెవి లాంటి అసలు కార్డు ఏ రంగుదో తెలిసినవాడు అతనొక్కడే. ముప్ఫై అంతస్తుల అద్దాల మేడ కట్టుకున్న పెద్దమనుషులకు ఆ ముక్క ఇంకొకరికి చెప్పి ఉంచాలన్న ఇంగితం లేకపోయింది.

ఎనిమిదీ నలభైకి మూసాపేటలో ఏజెంట్ మొగిలి ఫోన్ మోగింది.

“హైటెక్ సిటీలో గ్యాస్ లీకవుతోందయ్యా.” నిఘా బ్యూరో చీఫ్ పార్థసారథి గొంతు. గ్యాస్ లీకంటే ముప్పు ఉందని వాళ్ల సంకేతం.

“టవరేదో చెప్పుర్రి సార్. వస్తున్న.”

తొమ్మిదిన్నరకల్లా మొగిలి ఏసీ మెకానిక్ యూనిఫాంలో ఇరవయ్యో అంతస్తులోని సర్వర్ రూమ్‌కు చేరాడు. అప్పటికే షిఫ్ట్ మేనేజర్ లోహిత్ వచ్చి, పది నిమిషాలుండి, మాయమయ్యాడు. మెషీన్‌లో బూడిద రంగు కార్డు ఉంది. గ్యాస్ మీటరులా కనిపించే తన కెమెరాను ఏసీ గొట్టంలోకి దూర్చి చూస్తే ఇంకో కార్డు దొరికింది. ఇది నీలం. రంగు తప్ప రెంటికీ తేడా లేదు.

ఈ గది నుంచి కార్డు బయటికి పోతే గేటు దగ్గర స్కానర్ మోగుతుంది. లోపలికి ఏం వస్తోందో అడిగే నాథుడు మాత్రం లేడు.

పదకొండున్నరకు పార్థసారథి వచ్చాడు. వెంట రసజ్ఞ. ఢిల్లీ ఆఫీసు పంపిన భాషా నిపుణురాలు. గంధం రంగు పట్టుచీర, లండన్ డిగ్రీ, ఎదుటివాడి చెప్పులు చూసి గానీ మొహం చూడని చూపు.

“పన్నెండింటికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది. నకిలీ కార్డు ఉంటే గ్రిడ్ మొత్తం విదేశీ ముఠా చేతిలోకి పోతుంది. ఆ క్షణాన కార్డే లేకపోతే గ్రిడ్ ఆగిపోతుంది, ఆస్పత్రులతో సహా. వాయిదా వేయగలిగిన ఇంజనీరు ఉదయమే పోయాడు” అన్నాడు పార్థసారథి. “మనకున్న ఆధారం ఒక్కటే. ముఠా నిన్న సాయంత్రం లోహిత్‌కు పంపిన మెసేజ్.”

రసజ్ఞ ఫోన్ చూసి చదివింది. “సబ్‌స్టిట్యూట్ ద గ్రే కార్డ్ ఫర్ ద బ్లూ వన్. సింపుల్. గ్రే తీసేసి బ్లూ పెట్టమంటున్నారు. అంటే గ్రే అసలుది. లోహిత్ బ్లూ పెట్టడానికే వచ్చాడు, భయపడి గొట్టంలో దాచి పారిపోయాడు. బ్లూను వెంటనే క్రష్ చేయించండి.”

“జర ఆగుర్రి” అన్నాడు మొగిలి. “ఆ మాట గట్ల కాదు సార్. సబ్‌స్టిట్యూట్ అన్నంక ముందు చెప్పేది లోపలికొచ్చేది. ఫర్ తర్వాత చెప్పేది బయటికి పోయేది. రీప్లేస్ అయితే ఉల్టా. ముందు చెప్పేది పోతది, విత్ తర్వాత చెప్పేది వస్తది. గీ లెక్కన నీలం తీసి బూడిదది పెట్టమన్నరు. లోహిత్ ఆ పని చేసే పోయిండు. మెషీన్ల ఉన్నది నకిలీది.”

రసజ్ఞ నవ్వింది. “ఏ కాన్వెంట్?”

“సర్కారు బడి. తెలుగు మీడియం.”

“పార్థసారథి గారూ, ఏసీ మెకానిక్‌ల దగ్గర గ్రామర్ నేర్చుకోవడానికి నేను ఫ్లైట్ దిగలేదు.”

పార్థసారథి ఇబ్బందిగా దగ్గాడు. “నువ్వు ఊరుకోవయ్యా మొగిలీ. ఆవిడ లండన్‌లో చదివారు. క్షమించండి మేడమ్.” మొగిలి దగ్గరున్న నీలం కార్డు తీసుకుని ఆమె చేతిలో పెట్టాడు.

పదకొండూ యాభై నాలుగు.

మొగిలికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియనివాళ్లు ఈ మాటను తిరగేసి వాడతారు, నిజమే. కానీ లండన్ డిగ్రీకి తెలియదా? తెలిసే తప్పు చెబుతోందా? అరవకుండా తలొంచుకున్నాడు.

“తప్పయింది మేడం. ఒక్కటి చెప్పుర్రి, నేర్చుకుంట. రోజూ మా క్యాంటీన్‌కు కొత్త మెనూ రాయాలె. చాయ్ బంద్ చేసి కాఫీ ఇయ్యమని సబ్‌స్టిట్యూట్‌తోని ఎట్ల రాస్తరు?”

ఆమె కళ్లెత్తి కూడా చూడలేదు. కార్డును హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటూ, ఈగను తోలినట్టు అంది. “సబ్‌స్టిట్యూట్ కాఫీ ఫర్ టీ. స్కూల్ పిల్లలకు కూడా...”

ఆగిపోయింది.

“కాఫీ లోపలికి, చాయ్ బయటికి” అన్నాడు మొగిలి. “మరి కార్డు దగ్గరికి వస్తే ఇంగ్లీషు ఎందుకు తిరగబడ్డది మేడం?”

పార్థసారథి మొహం పాలిపోయింది. రసజ్ఞ చేయి బ్యాగ్‌లోంచి బయటికి వచ్చింది. చేతిలో కార్డు లేదు, చిన్న పిస్తోలు ఉంది.

“ఆరు నిమిషాలు కదలకుండా నిలబడండి, చాలు. ఈ దేశంలో మీ ఇద్దరికీ బాగా అలవాటైన పనే అది.”

మొగిలి భుజాన గ్యాస్ సిలిండర్ ఉంది. దాని గొట్టం ఆమె మొహం వైపు తిప్పి వాల్వ్ విప్పాడు. మంచులాంటి పొగ బుస్సున కొట్టింది. గుండు సీలింగ్‌కు తగిలింది. పార్థసారథి, జీవితంలో మొదటిసారి ఎవరి డిగ్రీ చూడకుండా, ఆమె చేయి వెనక్కి విరిచాడు. సెక్యూరిటీవాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి పట్టుచీర నేలమీద దొర్లుతోంది.

బ్యాగ్ జిప్ ఇరుక్కుంది. మొగిలి పళ్లతో చించాడు. లిప్‌స్టిక్‌లు, రెండు పాస్‌పోర్టులు, అడుగున కార్డు.

పదకొండూ యాభై తొమ్మిది. బూడిద కార్డు లాగాడు. గదంతా సైరన్. చెమట చేతుల్లోంచి నీలం కార్డు జారింది. వంగి తీసుకుని, గుడ్డకు తుడిచి, మెషీన్‌లోకి తోశాడు.

నాలుగు సెకన్లు మిగిలాయి. ఎర్ర లైటు పచ్చబడింది. సైరన్ ఆగింది. పన్నెండింటికి సాఫ్ట్‌వేర్ ఎక్కింది, కరెంటు ఎక్కడా పోలేదు.

లోహిత్ శంషాబాద్‌లో విమానం ఎక్కబోతూ దొరికాడు. రసజ్ఞను వ్యాన్ ఎక్కించి తీసుకుపోయారు. పార్థసారథి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“ప్రాణం మీదికి తెచ్చావు కదయ్యా మొగిలీ. ఆ మాటకు అర్థం అదేనని కాస్త గట్టిగా చెప్పొచ్చుగా?”

మొగిలి సిలిండర్ వాల్వ్ కట్టేశాడు.

“చెప్పిన సార్. తెలుగుల చెప్పిన, గందుకే మీకు వినవడలే.”