కెపూ బండికి తెల్ల రంగు

పొద్దున్నే లావీనియా భర్త కాలికి కొబ్బరినూనె మర్దనా చేస్తోంది. చక్కెర జబ్బు వల్ల రెండేళ్ల కిందట మోకాలి దిగువన తీసేసిన కాలు అది. రోజూ నూనె పట్టించకపోతే చర్మం బిగుసుకుపోతుంది. కెపూ కుర్చీలో కూర్చుని టీ తాగుతూ పెరట్లోంచి వచ్చే చప్పుడు వింటున్నాడు. ఇనుము మీద గరుకు కాగితం రాసుకుంటున్న చప్పుడు. మూడు వారాలుగా ఆ ఇంట్లో కోడికన్నా ముందు అదే లేస్తోంది.

"ఆపమను దాన్ని," అన్నాడు.

"మీరే చెప్పండి. నా మాట వినే వయసు ఎప్పుడో దాటింది," అంది లావీనియా.

ఆ చప్పుడు చేస్తున్నది వాళ్ల ఒక్కగానొక్క కూతురు మేలే. తమ దీవి రాజధాని నుకువాలోఫా వీధుల్లో కెపూ ఇరవై రెండేళ్లు టాక్సీగా తిప్పిన కారు, అతని కాలు పోయాక రేకుల పందిరి కింద అలాగే నిలిచిపోయింది. ఉప్పుగాలికి తలుపుల అంచులు తుప్పు పట్టాయి. నీలం రంగు పొలుసులుగా లేచిపోయింది. దాన్ని బాగుచేసి తనే టాక్సీ నడుపుతానంది మేలే. సోమవారం టాక్సీ పర్మిట్టు కోసం బండి తనిఖీ. తుప్పు కనబడినా, రంగు అతుకులుగా ఉన్నా వెనక్కి పంపేస్తారు. మళ్లీ నాలుగు నెలలు ఆగాలి.

"మేలే!" కెపూ గట్టిగా పిలిచాడు. "రేవు దగ్గర రంగుల షాపతనితో మాట్లాడాను. వచ్చే నెల బండి తీసుకుని రంగేస్తానన్నాడు."

"తనిఖీ సోమవారం నాన్నా."

"ఈసారి కాకపోతే ఇంకోసారి. రంగంటే గోడకి సున్నం కొట్టడం అనుకున్నావా? వాళ్లకి గది ఉంది, మిషన్లు ఉన్నాయి, చేతికి అలవాటుంది. నీకేముంది?"

"అరువు తెచ్చిన కంప్రెసర్ ఉంది. కావలసినంత మొండితనం ఉంది. అది నీ దగ్గర్నుంచి వచ్చిందే."

లావీనియా నవ్వు దాచుకోవడానికి తల వంచుకుంది. కెపూ చూడనే చూశాడు.

"నవ్వండి ఇద్దరూ. తుప్పు గీకేది మగపిల్లల పని. మన కుటుంబంలో ఏ ఆడపిల్లయినా ఇలా రోడ్డున పోయేవాళ్లకి కనబడేలా కూర్చుని ఇనుము గీకిందా? ఆ పోయేవాళ్లు ఏమంటున్నారో తెలుసా? కెపూకి కాలొక్కటే కాదు, సిగ్గు కూడా పోయిందంటున్నారు."

"అననీ. అన్నవాళ్లలో ఒక్కరైనా వచ్చి ఇంత గీకి పెట్టారా?" అంది మేలే.

మధ్యాహ్నానికల్లా కెపూ తన అక్క ఫూసీకి కబురు పెట్టాడు. పిల్ల పేరైనా పెళ్లైనా ఆ ఇంట్లో మేనత్త మాటే చివరిది. తండ్రి మాట దాని తరవాతే. రేపు పొద్దున వస్తానంది ఫూసీ.

శనివారం తెల్లవారి, గాలి లేవకముందే మేలే పని మొదలుపెట్టింది. దుమ్ము లేవకుండా నేల తడిపి, ముఖానికి మాస్కు కట్టుకుని, రంగు గన్ను చేత పట్టింది. కప్పు బాగా వచ్చింది. తలుపులు ఇంకా బాగా వచ్చాయి. బానెట్ దగ్గరికి వచ్చేసరికి తెల్ల రంగు పరుచుకోలేదు. చూస్తుండగానే విచ్చుకుపోయి, అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడింది. ఇంకో విడత కొడితే గుంటలు ఇంకా లోతయ్యాయి.

మేలే రెండడుగులు వెనక్కి వేసి చూసింది. గుంటలు చెదురుమదురుగా లేవు. నాలుగు చారలు పొడుగ్గా సాగాయి, పక్కన పొట్టిది ఇంకొకటి. అవి మనిషి అరచెయ్యి నిమిరిన గుర్తులు.

జిడ్డు ఉన్నచోట రంగు నిలవదు. అందుకే నిన్న సాయంత్రం తను కారంతా థిన్నర్‌తో తుడిచింది. నూనె రాసిన కాలిని రోజంతా అరచేత్తో నిమురుకుంటూ కూర్చునే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

గన్ను చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చింది.

"బండిని ముట్టుకున్నావా నాన్నా?"

"ఏం, నా బండిని నేను ముట్టుకోకూడదా?"

"నీకు నచ్చకపోతే తగలబెట్టెయ్. అంతేగానీ దొంగచాటుగా నూనె పూసి పాడుచెయ్యడమేంటి? మూడు వారాలు! నా వేళ్లు చూడు!"

"దొంగనా? నన్ను దొంగంటావా? లావీనియా, విన్నావా నీ కూతురి మాట!"

"వీధి చివరున్న నాకే వినబడింది, దానికి వినబడదూ?" గేటు తోసుకుంటూ ఫూసీ వచ్చింది. పెద్ద పనులకి కట్టే అల్లిక చాప నడుముకి చుట్టుకుని, చర్చికి బయలుదేరినంత బిగువుగా ఉంది. "పంది గాని తప్పిపోయిందేమో, అందుకే ఇన్ని కేకలనుకున్నాను."

ఆవిడ వరండాలో కింద కూర్చుంది. వెంటనే కెపూ కుర్చీ చేతులు పట్టుకుని నేలమీదికి దిగబోయాడు. అక్క కింద ఉండగా తమ్ముడు ఎత్తున కూర్చోకూడదు.

"కాలు లేనివాడివి, ఉండు కుర్చీలోనే."

"కాలు లేదు గానీ మర్యాద ఉందక్కా," అంటూ పళ్లు బిగబట్టి దిగి కూర్చున్నాడు.

ఫూసీ పెరట్లోకి వెళ్లి బానెట్ చూసి వచ్చింది. వచ్చాక గొంతు పెంచలేదు.

"కెపూ, అది నీ చెయ్యేనా?"

అతను పుట్టి బుద్ధెరిగాక అక్కతో అబద్ధమాడలేదు. తల ఎత్తకుండానే, "నాదే," అన్నాడు.

"ఎందుకు?"

కెపూ తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు. "ఈ చక్కెర జబ్బుకి నా కళ్లు కూడా సరిగా ఆనవు కదా. పని ఎలా చేసిందో చూద్దామని ఇవాళ తెల్లారకముందే వెళ్లాను. గీకిన ఇనుము సంగతి చేతికే తెలుస్తుంది. చేతికి నూనె ఉందన్న ధ్యాస లేదు నాకు."

"మరి ఏం తెలిసింది చేతికి?"

"ఎక్కడా గరుకు లేదక్కా. ఎప్పుడో చెట్టుకి గుద్దితే పడ్డ సొట్ట ఉండాలి, ఎంత వెతికినా దొరకలేదు. ఇరవై రెండేళ్లు నేను కడిగిన బండి. నా చేతికే కొత్తగా తగిలింది."

"ఆ మాట పిల్లతో అన్నావా?"

"ఎలా అంటాను?" అన్నాడు కెపూ. "అది చేసిందని ఒప్పుకుంటే, నేనిక చెయ్యలేనని ఒప్పుకున్నట్టేగా."

మేలే గన్ను కింద పెట్టి తండ్రి పక్కన చతికిలబడింది. అప్పటిదాకా తనని నిలబెట్టిన కోపం కాస్తా పోయింది. ఒళ్లు నొప్పులు మాత్రమే మిగిలాయి.

"షాపుకే ఇచ్చేద్దాం అత్తా," అంది. "నాలుగు నెలలు ఆగుతాను. నాన్నని ఇంత బాధపెట్టి నేను నడిపేదేముంది?"

"ఎవడిస్తాడు షాపుకి?" కెపూ ఒక్కసారిగా అరిచాడు. "లావీనియా, సబ్బు తే! గిన్నెలు తోమే సబ్బు. పాడైంది బానెట్ ఒక్కటేగా. రేపు ఆదివారం, దేవుడి రోజు, వేలు కదపకూడదు. ఉన్నది ఈ పూటే. లే మేలే, లే!"

"మీరే తేల్చుకునేదానికి నన్నెందుకు పిలిచినట్టో," అంది ఫూసీ. "కనీసం టీ అయినా పోస్తారా?"

కెపూ మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. నాలుగోసారి లావీనియా కడిగింది. మేలే బానెట్‌ని ఇనుము దాకా తుడిచి మళ్లీ గీకింది. కెపూ కర్రల మీద పందిరి గుంజకి ఆనుకుని నిలబడి, ప్రతి జానెడూ తడిమి చెప్పాడు. "ఇక్కడ ఇంకొంచెం. ఊఁ, ఇప్పుడు వదిలెయ్." థిన్నర్‌తో ఆఖరిసారి తుడిచాక మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, తనతో సహా. మధ్యాహ్నం గాలి కాస్త ఆగిన సమయం చూసి మేలే రంగు కొట్టింది. తెల్ల రంగు పాలమీగడలా పరుచుకుంది.

సాయంత్రం చర్చి పాటల సాధనకి వెళ్తున్నవాళ్లు గేటు దగ్గర ఆగారు. వాళ్లలో ఒక పెద్దాయన కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఏం కెపూ, బండి మెరిసిపోతోందే! ఏ షాపులో వేయించావు?"

లావీనియా చేతిలో టీ కప్పు ఆగిపోయింది. మేలే కంప్రెసర్ గొట్టం చుడుతూ తల ఎత్తలేదు. కెపూ కర్రలు సర్దుకుని గేటు దాకా నడిచాడు.

"షాపులో కాదు," అన్నాడు, రోడ్డు అవతలికి కూడా వినబడేలా. "మా ఇంట్లోనే. తుప్పు గీకింది మా మేలే, రంగు వేసింది మా మేలే. సోమవారం తనిఖీలో పాసయితే నడిపేదీ అదే. పట్నంలో పనుంటే దానికే చెప్పు, తీసుకెళ్తుంది."

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే. నా కూతురు."

పని అయిపోయి అప్పటికి గంట దాటింది. అయినా మేలే ముఖానికున్న మాస్కు తియ్యలేదు. కళ్ల కింద దాని అంచు తడిసి ఉంది.