వంగిన భుజం

మంచం మీద పడుకునే హైమావతి తన నడకను తానే చూసుకుంటోంది. వెలుగుతో అల్లిన మరో హైమావతి వార్డు ఆ కొసకు చకచకా వెళ్ళింది. తుంటి ఎముక మార్పించుకున్న ముసలావిడ అలా నడిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

దాన్ని ముందునడక అంటారు. భీమిలిలో ఇప్పుడు దాదాపు అందరి చెప్పుల్లోనూ పాదతోడు అనే చిన్న యంత్రం ఉంటుంది. అది ఏళ్ళ తరబడి నేర్చుకున్న నడకను బట్టి, ఏ కోలుకునే కేంద్రంలో నెల్లాళ్ళుంటే ఎలా నడుస్తారో ముందే చూపిస్తారు. కేంద్రాల ప్రకటనల్లో రంగుల బొమ్మలు చూసి మోసపోయే రోజులు పోయాయి, అంతవరకు మేలే.

"ఇక రెండో కేంద్రం," అంది సలహాదారు ప్రణీత.

ఈసారి వచ్చిన వెలుగుబొమ్మవి పొట్టి అడుగులు. ఎడమ భుజం కిందికి వంగింది. దాని మీద ఎర్రగా 'లోపం' అని వెలిగింది.

"ఇక్కడ మీ పాత నడకే తిరిగి తెస్తారమ్మా. మొదటివాళ్ళయితే ఆ వంకర కూడా సరిచేస్తారు."

"మొదటిదే రాయండమ్మా. మా అక్క జోరుగా నడవాల, ఇంకేటి కావాల?" అంది హైమావతి తోడికోడలు రాజ్యం.

చెవి జబ్బు వల్ల రాజ్యానికి కళ్ళు తిరుగుతాయి. పాదతోడు ఉన్న చెప్పులు తొడిగితే మరీ ఎక్కువ, అందుకే వాటిని వాడదు. హైమావతి భుజం పట్టుకుంటే తప్ప గుమ్మం దాటలేదు. అక్క జోరుగా నడిస్తే తను ఇంట్లోనే ఉండిపోవాలి. అది తెలిసే ఆ మాట అంది.

"ఒసేయ్ రాజ్యం, ఆ బొమ్మ పక్కన నిలబడు."

"ఎందుకక్కా?"

"ఒక్కసారన్నా చెప్పిన మాట వింటావేటి?"

రాజ్యం అలవాటుకొద్దీ బొమ్మ ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. వేళ్ళకు గాలే తగిలింది. బొమ్మ కదిలితే తనూ దాని వెంట అడుగు వేసింది. పడిపోతుందేమోనని ప్రణీత పక్కనే నడిచింది. కానీ వంగిన చోట చెయ్యి సరిగ్గా సరిపోయింది, అడుగులో అడుగు కలిసింది.

"మా యంత్రానికి ఈవిడ సంగతే తెలీదు," అంది ప్రణీత మెల్లగా.

"రెండోదే రాయమ్మా," అంది హైమావతి.

రాజ్యానికి ఏడుపొచ్చింది. "నా గురించి నీ ఒళ్ళు వంకరగా ఉంచుకుంటావేటక్కా?"

"మీ బావగారు పోయాక గదిలోంచి కదల్లేదు నేను. కళ్ళు తిరుగుతున్నాయి, తోడు రా అని రోజూ సతాయించి బయటికి లాక్కొచ్చావు. నేను నిన్ను నడిపిస్తున్నానని ఊరంతా అనుకుంటున్నారే. బతికించింది నువ్వు."

నెల్లాళ్ళ తరువాత హైమావతి చేతికర్ర లేకుండా కేంద్రం గుమ్మం దాకా వచ్చింది. అక్కడి పరీక్ష అద్దంలో ఆమె ఎడమ భుజం మీద మళ్ళీ అదే ఎర్రటి మాట వెలిగింది. అప్పటికే రాజ్యం చెయ్యి దాని మీద పడింది.

"చేపల బజారుకేనా అక్కా?"

"పద. ఇవాళ బేరం నువ్వే ఆడాల."